ఒక పిక్సెలు, అయిదేళ్ళ వయసు

మన ఇంజనీర్ల జాతికి ఒక బలహీనత ఉంది. చుక్క తర్వాత ఎన్ని అంకెలుంటే అంత నమ్మేస్తాం. "ఒళ్ళు చూసుకోరా, బొత్తిగా కదలడం మానేశావు" అని అమ్మ అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాం. అదే సంగతి 0.634 అని అచ్చులో వచ్చిందా, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

జాతకాల వాళ్ళని చూసి నవ్వేది కూడా మనమే. ఆ జాతకం చెప్పేవాడైనా పుట్టిన తేదీ, ఘడియ, ఊరు అన్నీ అడిగి మరీ ఆయుర్దాయం కడతాడు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో కొసరుగా వచ్చే "మీ రక్తనాళాల వయసు" అనే లెక్కకి అంత కూడా అక్కర్లేదు. మీ వయసు, ఆడో మగో, మెడ దగ్గర ఓ సెంటీమీటరు మేర తీసిన బొమ్మ. అంతే. బీపీతో పని లేదు, షుగరుతో పని లేదు, రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తారో అడిగే నాథుడు లేడు. అయినా దీన్ని జాతకం అనం, ఎందుకంటే చెప్పింది సాఫ్టువేరు కదా!

నా తగాదా ఆ కొలతతో కాదు. ఆ కొలతని అడ్డం పెట్టుకుని మనం చేస్తున్న పనితో. మనం అంటే డాక్టర్ల కంటే ముందు, సాఫ్టువేరు రాసి రిపోర్టు డిజైన్ చేసేవాళ్ళం. నేను చదివింది ఈ.సి.ఈ., అన్నం పెడుతున్నది ఇమేజ్ ప్రాసెసింగు. కాబట్టి వైద్యం జోలికి ఎక్కువ వెళ్ళను. లెక్క గురించే మాట్లాడతాను. లెక్కలోనే కావలసినంత గొడవ ఉంది.

* * *

తెలియని వాళ్ళ కోసం ముందు అసలు సంగతి. మెడకి రెండు పక్కలా మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమనులుంటాయి. వేలు ఆనిస్తే కొట్టుకుంటూ తెలుస్తాయి చూడండి, అవి. ధమని గోడకి మూడు పొరలు. లోపలిది ఇంటిమా, మధ్యది మీడియా, బయటిది అడ్వెంటీషియా. అల్ట్రాసౌండులో చూస్తే, చర్మానికి దూరంగా ఉండే వైపు గోడ రైలు పట్టాల్లాగా రెండు గీతలుగా కనబడుతుంది. పై గీత రక్తానికీ ఇంటిమాకీ మధ్య సరిహద్దు, కింది గీత మీడియాకీ అడ్వెంటీషియాకీ మధ్య సరిహద్దు. ఆ రెండు గీతల మధ్య దూరమే ఇంటిమా-మీడియా మందం. 1986లో ఇటలీ నుంచి పిన్యోలీ బృందం, శవపరీక్షల్లో తీసిన ధమని ముక్కల్ని అల్ట్రాసౌండుతో కొలిచి, విడిగా నేరుగా కూడా కొలిచి, రెండూ సరిపోతున్నాయని చూపించాక ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది.

పెద్దవాళ్ళలో ఈ మందం ఇంచుమించు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. వయసుతో పాటు ఏడాదికి సుమారు 0.01 మి.మీ. పెరుగుతుంది. ఈ 0.01ని కాస్త గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే.

మొదట్లో టెక్నీషియన్లు తెర మీద చేత్తో చుక్కలు పెట్టి కొలిచేవాళ్ళు. ఒకే బొమ్మకి ఇద్దరు మనుషులు రెండు కొలతలు చెప్పేవాళ్ళు. ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పేవాడు. ఈ బాధ పోగొట్టడానికి స్వీడన్లో గోతెన్‌బర్గ్ పరిశోధకులు కంప్యూటరు చేత గీతలు గీయించే పద్ధతి తయారుచేసి 1997లో ప్రచురించారు. అందులో వాడింది మనం ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టే డైనమిక్ ప్రోగ్రామింగే! చీకటి నుంచి వెలుతురుకి గట్టిగా మారే పిక్సెళ్ళకి తక్కువ ఖర్చు, మిగతావాటికి ఎక్కువ ఖర్చు వేసి, బొమ్మకి ఎడమ అంచు నుంచి కుడి అంచుకి అతి తక్కువ ఖర్చయ్యే దారి వెతకడం. ఆ తర్వాత స్నేకులొచ్చాయి, ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. 2021లో సైప్రస్, పీసా కేంద్రాల నుంచి 1088 మంది బొమ్మలు 2176 తీసి, వేర్వేరు బృందాల ప్రోగ్రాముల్ని వాటి మీద పక్కపక్కన పరీక్షించి, ఆ బొమ్మల్ని అందరికీ అందుబాటులో పెట్టారు కూడా. ఇదంతా మంచి ఇంజనీరింగు. చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే.

మరి గొడవెక్కడ?

* * *

మొదటి గొడవ: కొలత ఆటోమేటిక్కే గానీ, కొలిచే బొమ్మ చేతిపని.

ఒక సొరకాయని నిలువునా సరిగ్గా మధ్యకి చీల్చండి, తొక్క మందం ఒకలా కనిపిస్తుంది. మధ్యకి కాకుండా పక్కకి జరిపి చీల్చండి, అదే తొక్క మందంగా కనిపిస్తుంది. ధమని కూడా గొట్టమే. ప్రోబు పట్టుకున్న మనిషి చెయ్యి ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే, గోడ దానంతటదే "మందమైపోతుంది". ప్రోగ్రాముకి సొరకాయ ఎక్కడ చీల్చారో తెలీదు. దానికి ఇచ్చిన బొమ్మలో రెండు గీతలు కనిపించాయి, కొలిచి పారేసింది.

ఇది చాలదన్నట్టు గుండె కొట్టుకున్నప్పుడల్లా ధమని ఉబ్బుతుంది, గోడ సాగి పలచబడుతుంది, మళ్ళీ మామూలవుతుంది. అందుకే 2008లో అమెరికన్ ఎకోకార్డియోగ్రఫీ సొసైటీ వాళ్ళు ఈ.సి.జి. కూడా జోడించి, గుండె వదులైన దశ చివర్లోని ఫ్రేములోనే కొలవమన్నారు. మన్‌హైమ్ ఒప్పందం అని ఇంకొకటుంది. అది ధమని రెండుగా చీలే చోటికి కనీసం 5 మి.మీ. కిందగా, కొవ్వుగడ్డ లేని చోట, 10 మి.మీ. పొడవునా కొలవమంటుంది. మీకు స్కాన్ చేసినప్పుడు ఈ.సి.జి. తీగ తగిలించారా? నాకైతే తగిలించలేదు. ఆ చల్లటి జెల్లు రాయడం, రెండు నిమిషాలు తిప్పడం, "అయిపోయింది సార్, తుడిచేసుకోండి" అనడం. అంతే.

రెండో గొడవ: ఈ ప్రోగ్రాములకి "నాకు తెలీదు" అనడం రాదు.

అతి తక్కువ ఖర్చు దారి వెతికే అల్గారిథమ్ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గ్రిడ్డు ఇస్తే ఏదో ఒక దారి ఎప్పుడూ దొరుకుతుంది. అది మంచి దారా, చెత్తలో దొరికిన దారా అన్నది దానికి అనవసరం. సరదాకి ఒక ఆదివారం ఈ పద్ధతిలోనే చిన్న ప్రోగ్రాము రాసి, ధమని బొమ్మకి బదులు ఉత్త నాయిస్ బొమ్మ ఇచ్చాను (పాత టీవీల్లో చానల్ రాకపోతే చీమలు పారేవి చూడండి, అలాంటిది). రెండు గీతలూ బుద్ధిగా గీసేసింది! మధ్య దూరం కూడా చెప్పింది, మూడు దశాంశాల దాకా. రెండు గీతల మధ్య కనీస దూరం, గరిష్ఠ దూరం నేనే పెట్టాను కాబట్టి, వచ్చిన జవాబు నిక్షేపంలాంటి ఆరోగ్యవంతుడి కొలతలాగే ఉంది. ధమనే లేని మనిషికి ఆరోగ్యకరమైన ధమని గోడ!

బొమ్మ బాగోలేకపోతే కొలవకుండా వెనక్కి పంపే సౌకర్యం పెట్టొచ్చు. పెట్టినవాళ్ళున్నారు. కానీ అలా పెడితే పదిలో కొన్ని రిపోర్టులు "మళ్ళీ తీయించుకోండి" అని వస్తాయి. సెంటర్లో క్యూ పెరుగుతుంది, సేల్స్ వాళ్ళకి కోపం వస్తుంది. ఆ థ్రెషోల్డు ఏ మీటింగులో, ఎవరి ఒత్తిడి మీద తగ్గుతుందో మన ఊహకి అందనిది కాదు కదా.

మూడో గొడవ, అన్నిటికంటే పెద్దది: అంకగణితం.

మెత్తటి కణజాలంలో శబ్దం వేగం సెకనుకి 1540 మీటర్లు. 7.5 మెగాహెర్ట్జ్ ప్రోబు వాడితే తరంగదైర్ఘ్యం సుమారు 0.2 మి.మీ. దగ్గరదగ్గరగా ఉన్న రెండు గీతల్ని విడదీసి చూపించే శక్తికి హద్దు ఈ స్థాయిలోనే ఉంటుంది. తెర మీద ఒక పిక్సెలు అంటే మామూలుగా 0.05, 0.06 మి.మీ. మరి ఏడాదికి పెరిగేది 0.01!

"సగటు తీస్తున్నాం కదా, సబ్-పిక్సెల్ వస్తుంది" అంటారు. నిజమే, వస్తుంది. 10 మి.మీ. పొడవులో వందకి పైగా నిలువు వరసలుంటాయి, అన్నిటి సగటు తీస్తే యాదృచ్ఛికంగా వచ్చే తప్పులు కొట్టుకుపోతాయి. కానీ పక్కపక్క వరసల్లో నాయిస్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుంది కాబట్టి, అనుకున్నంతగా కొట్టుకుపోవు. ఇక సొరకాయ పక్కకి చీల్చిన తప్పు ఉంది చూశారూ, అది అన్ని వరసల్లోనూ ఒకే వైపు ఉంటుంది. దాన్ని వెయ్యి వరసలు సగటు తీసినా కదలదు. వంకర స్కేలుతో వందసార్లు కొలిస్తే స్కేలు తిన్నగా అవుతుందా?

అదే బొమ్మని అదే ప్రోగ్రాముకి మళ్ళీ ఇస్తే అదే అంకె వస్తుంది. దీన్ని బ్రోచర్లలో పెద్దక్షరాలతో వేస్తారు. ఎప్పుడూ పది నిమిషాలు వెనక నడిచే గడియారం కూడా అంతే నిలకడగా ఉంటుందండీ. బస్సు మాత్రం తప్పిపోతుంది.

ఇప్పుడు "రక్తనాళాల వయసు" ఎలా కడతారో చూడండి. మీ మందం ఏ వయసువాళ్ళ మధ్యస్థ విలువతో సరిపోతుందో పట్టికలో వెతుకుతారు, ఆ వయసుని మీకు అంటగడతారు. ఏడాదికి 0.01 మి.మీ. చొప్పున పెరిగేదాన్ని తిరగేసి వయసుగా మారిస్తే, 0.05 మి.మీ. తేడాకి అయిదేళ్ళు. అంటే ఒక్క పిక్సెలు అటూ ఇటూ అయితే మీ వయసు అయిదేళ్ళు మారిపోతుంది! ప్రొడక్షన్లో ఇంత సున్నితమైన ఫార్ములా ఎవరైనా రాస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడమూ?

పైగా ఆ పట్టిక ఎవరిది? రిపోర్టులో ఎక్కడా రాయరు. ఈ రంగంలో ఎక్కువగా చెప్పుకునే అమెరికా అధ్యయనం ఏరిక్ 1987లో మొదలైంది, అందులో చేరేనాటికి వాళ్ళ వయసు 45 నుంచి 64. మీసా అనే ఇంకో అధ్యయనంలో 45 నుంచి 84. అందులో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, హిస్పానిక్కులు, చైనా సంతతివాళ్ళు ఉన్నారు, మనవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చడానికే మసాలా అని (పేరు నిజంగానే అది!) ఇంకోటి మొదలుపెట్టి 2010 నుంచి 2013 మధ్య శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని 906 మంది దక్షిణాసియా వాళ్ళని చేర్చుకున్నారు. వాళ్ళూ నలభై దాటినవాళ్ళే. చిన్న వయసువాళ్ళ పట్టికలు అసలు లేవని కాదు, ఉన్నాయి. మీ రిపోర్టు వెనక ఉన్నది ఏ పట్టిక, ఏ దేశానిది, ఏ ప్రోబుతో తీసినది అన్నదే ప్రశ్న. మాదాపూర్లో కూర్చున్న 27 ఏళ్ళ పిల్లకి ఎవరి గోడతో పోలిక పెడుతున్నారు?

* * *

27 ఏళ్ళ పిల్ల అని ఊరికే అనలేదు. మా పక్క టీములో టెస్టింగు చేసే అమ్మాయి. కంపెనీ పంపించిన సెంటర్లో 0.63 అని వచ్చింది, "రక్తనాళాల వయసు 41" అని ఎర్ర ముల్లు. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇల్లు. వాళ్ళ నాన్నగారు ఆ కాగితం పట్టుకుని ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగారు. బీపీ బాగుంది, షుగరు బాగుంది, కొలెస్ట్రాలు బాగుంది. మూడో డాక్టరు విసుక్కుని ఇంకోచోట తీయించుకోమంటే అక్కడ 0.52 వచ్చింది, వయసు 29. తేడా 0.11 మి.మీ., అంటే రెండు పిక్సెళ్ళు. రెండు పిక్సెళ్ళ కోసం ఆ ఇంట్లో రెండు నెలలు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

నిజం చెప్పొద్దూ, ఈ కేసు నన్ను అంతగా భయపెట్టలేదు. భయపడ్డవాళ్ళు డాక్టరు దగ్గరికి పోతారు, నాలుగు డబ్బులు వదిలినా నిజం తెలుస్తుంది. నన్ను భయపెట్టింది మా లీడు.

ఆయనకి 41. వాళ్ళ నాన్నగారికి 52 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది. ఆయన రిపోర్టు మొదటి పేజీలో పచ్చ ముల్లు, "రక్తనాళాల వయసు 34". ఫ్లోరంతా తిరిగి చూపించాడు. "చూశావా తమ్ముడూ, నా నరాలు నీ నరాల కంటే కుర్రవి" అని నా భుజం చరిచాడు. నేను కాగితం తీసుకుని తిరగేశాను. ఏడో పేజీలో, చిన్న అక్షరాల్లో, రంగూ ముల్లూ ఏమీ లేకుండా: బీపీ 152/98.

"అన్నా, ఇదేంటి?" అన్నాను.

"అది ఆస్పత్రికెళితే అందరికీ పెరుగుతుందిలే. నరాలే శుభ్రంగా ఉన్నాయి కదా, బీపీ ఏం చేస్తుంది?"

సరిగ్గా ఈ వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. మాత్ర వేసుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీ ఆయన పర్సులో మూడు వారాలు అలాగే ఉంది. చివరికి వాళ్ళావిడ ఇంటికి బీపీ మెషిన్ తెప్పించి రోజూ పొద్దున్నే కొలిచి, ప్రతిసారీ ఎక్కువే చూపించాక గానీ మాత్ర మొదలుపెట్టలేదు. మూడు దశాంశాల అల్గారిథమ్ దాచేసిన నిజాన్ని చేతికి చుట్టే పట్టీ బయటపెట్టింది.

పచ్చ ముల్లు అబద్ధం చెప్పిందా? లేదు, అది కొలిచింది చెప్పింది. కానీ అది కొలిచేది ఎక్కడ? గడ్డ లేని చోట చూసి కొలవడమే నియమం. గడ్డలు ఎక్కువగా కట్టేదేమో ధమని రెండుగా చీలే చోట. తాళం వేసిన గది తలుపు తీయకుండా, హాల్లో చూసి "ఇంట్లో దొంగలు లేరు" అన్నట్టుంది వ్యవహారం. అందులోనూ అది మెడ, గుండె కాదు. మా లీడుకి వచ్చే అపాయం ఆ ఒక సెంటీమీటరులో కనబడాలని రూలేం లేదు.

* * *

ఇక్కడ మన సాఫ్టువేరు సోదరులు ఒక మాటంటారు: "కొలత నాణ్యత బాగోలేదనేగా నీ బాధ. ఇంకా మంచి నెట్‌వర్కు ట్రెయిన్ చేస్తాం, ఇంకా మంచి ప్రోబు వాడతాం. అప్పుడు?"

అప్పుడు కూడా పెద్దగా ఏమీ ఒరగదు. ఈ మాట నేను చెప్పడం లేదు. 2012లో జామా పత్రికలో 14 అధ్యయనాల్లోని 45,828 మంది వివరాల్ని కలిపి చూశారు. ప్యాకేజీ స్కానులు కావవి, పరిశోధనల కోసం శ్రద్ధగా తీసినవి. వయసు, బీపీ, కొలెస్ట్రాలు, షుగరు, పొగతాగడం లాంటి మామూలు ప్రశ్నలతో కట్టే ఫ్రేమింగ్‌హామ్ స్కోరుకి సి-స్టాటిస్టిక్ 0.757 వచ్చింది. దానికి గోడ మందం కూడా కలిపితే 0.759. మన భాషలో చెప్పాలంటే, తర్వాత జబ్బు వచ్చినవాడొకడు, రానివాడొకడు చొప్పున వెయ్యి జంటల్ని పెడితే, ఎవరికి ప్రమాదం ఎక్కువో మామూలు ప్రశ్నలతో 757 సార్లు సరిగ్గా చెబుతాం, స్కాన్ కూడా కలిపితే 759 సార్లు. రెండు జంటలు! మధ్యరకం ప్రమాదం ఉన్నవాళ్ళలో కాస్త మెరుగు కనిపించినా, వైద్యంలో అది పనికొచ్చేంత కాదని రాసినవాళ్ళే తేల్చారు.

"పోనీ, ఏడాదికోసారి తీసి పెరుగుదల చూద్దాం" అంటారు ఇంకొందరు (వార్షిక ప్యాకేజీ వాళ్ళకి ఇది మరీ ఇష్టం). అదే 2012లో లాన్సెట్‌లో 16 అధ్యయనాలు, 36,984 మందిని కలిపి చూస్తే, మనిషిలో మందం పెరిగిన వేగానికీ తర్వాత వచ్చిన గుండెపోట్లు, పక్షవాతాలకీ సంబంధం కనబడలేదు. ఏడాదికి 0.01 కదిలేదాన్ని 0.05 తప్పుతో రెండుసార్లు కొలిచి తీసివేస్తే మిగిలేది ఏంటో, మొదటి సంవత్సరం ల్యాబు రికార్డు రాసిన ఎవరికైనా తెలుసు.

ఇంకో కథ చెప్పకుండా ఉండలేను. ఎజెటిమైబ్ అని కొలెస్ట్రాలు మందు. 2008లో ఎన్‌హాన్స్ అనే ప్రయోగంలో, పుట్టుకతోనే కొలెస్ట్రాలు ఎక్కువున్న 720 మందికి సిమ్వస్టాటిన్ ఒక్కటే కొందరికీ, దానికి ఎజెటిమైబ్ కలిపి కొందరికీ ఇచ్చి గోడ మందం కొలిచారు. ఒక గుంపులో 0.0058 మి.మీ., ఇంకో గుంపులో 0.0111 మి.మీ. పెరిగింది, రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మందు దండగ అని గోల గోల అయింది. తర్వాత 18,144 మందితో జరిగిన ఇంప్రూవ్-ఇట్ ప్రయోగంలో, గోడల్ని కాకుండా నేరుగా గుండెపోట్లనీ పక్షవాతాలనీ మరణాలనీ లెక్కపెట్టారు. స్టాటిన్ ఒక్కటే వాడినవాళ్ళలో 34.7 శాతం, ఎజెటిమైబ్ కూడా వాడినవాళ్ళలో 32.7 శాతం. చిన్నదే అయినా నిజమైన తేడా. గోడ మాట మీద ఆ మందుని పారేసి ఉంటే?

అందుకే అమెరికా కార్డియాలజీ సంఘాలు 2010లో ఈ పరీక్ష "చేయొచ్చు" అన్నవి కాస్తా, 2013కల్లా తొలి గుండెజబ్బు ప్రమాదం అంచనా కట్టడానికి మామూలుగా వాడొద్దన్నాయి. 2016లో యూరప్ వాళ్ళూ అదే చెప్పారు. మన భాషలో ఇది డిప్రికేట్ అయిన ఫంక్షను. లైబ్రరీ వాళ్ళు 2013లోనే వార్నింగ్ వేశారు. మనం వార్నింగులు ఆఫ్ చేసుకుని, దాని మీద రంగుల డయల్ పెట్టి, ప్లాటినం ప్యాకేజీ అని అమ్ముతున్నాం.

* * *

అవతలి వాళ్ళ వాదన కూడా చెప్పాలి, లేకపోతే అది వాదన కాదు, తిట్ల దండకం అవుతుంది.

ఒకటి, పరిశోధనలో ఈ కొలతకి విలువ ఉంది. 2020లో 119 ప్రయోగాల్లోని 1,00,667 మందిని కలిపి చూస్తే, గోడ మందం పెరుగుదలని తగ్గించిన చికిత్సలు గుంపు మొత్తం మీద జబ్బుల్ని కూడా తగ్గించాయని తేలింది. ఒప్పుకుంటాను. వేలమంది సగటులో ఒక్కొక్కరి తప్పు మునిగిపోతుంది. కానీ ఎగ్జిట్ పోల్ రాష్ట్రం ఫలితం చెప్పగలిగినంత మాత్రాన, మీ పక్కింటాయన ఎవరికి ఓటేశాడో చెప్పలేదు కదా. గుంపుకి పనికొచ్చే అంకెని మనిషి మెడకి కట్టడమే నేను తప్పంటున్నది.

రెండు, "భయపెడితే మంచిదే, నడక మొదలుపెడతారు" అనే వాదన. దీనికి ఆధారం లేకపోలేదు. స్వీడన్లో విప్‌విజా అని 3,532 మందితో ప్రయోగం చేసి 2019లో ప్రచురించారు. మెడ స్కాన్ బొమ్మని, రక్తనాళాల వయసుతో సహా, రంగుల్లో చూపించినవాళ్ళకి ఏడాది తర్వాత ప్రమాదం స్కోరు చూపించనివాళ్ళ కంటే కాస్త తగ్గింది. బాగుంది. కానీ అక్కడ ఏం చేశారో చూడండి. 40, 50, 60 ఏళ్ళ వాళ్ళని, అప్పటికే ఏదో ఒక ప్రమాద కారణం ఉన్నవాళ్ళని ఎంచుకున్నారు. బొమ్మ పంపాక నర్సు ఫోన్ చేసి మాట్లాడింది. ఆ బొమ్మ డాక్టరుకి కూడా వెళ్ళింది. మన దగ్గర నర్సు ఫోనేదీ? వాట్సప్‌లో పీడీఎఫ్ వస్తుంది, దాని కిందే "ఇప్పుడే బుక్ చేసుకోండి, కుటుంబ ప్యాకేజీపై తగ్గింపు" అని వస్తుంది.

మూడు, మనవాళ్ళకి భయపడడానికి కారణం ఉంది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం (2007లో ప్రచురించిన దక్షిణాసియా లెక్క), తొలి గుండెపోటు వచ్చే సగటు వయసు మనవాళ్ళలో 53, మిగతావాళ్ళలో 58.8. దాదాపు ఆరేళ్ళు ముందే! సరిగ్గా అందుకే నాకు కోపం. భయం నిజమైనది కాబట్టి దాని మీద వ్యాపారం సులువు. అదే ఇంటర్‌హార్ట్ ఇంకోటి కూడా చెప్పింది: మగవాళ్ళలో 90 శాతం దాకా ప్రమాదానికి లెక్క చెప్పేవి తొమ్మిది మామూలు కారణాలే. పొగాకు, కొలెస్ట్రాలు, బీపీ, షుగరు, పొట్ట, మనసు మీద ఒత్తిడి, కూరగాయలు పళ్ళు తినకపోవడం, కదలకపోవడం, మద్యం అలవాటు తీరు. వీటిలో ఒక్కదానికీ మెడ మీద జెల్లు రాయక్కర్లేదు. అన్నీ మా లీడు రిపోర్టులోనే ఉన్నాయి, ఏడో పేజీలో, రంగు లేకుండా.

* * *

"మనం కోడు రాసేవాళ్ళం, అర్థం చెప్పేది డాక్టర్లు" అని చేతులు దులుపుకుంటాం. మొదటి పేజీలో ముల్లు పెట్టింది డాక్టరా? ఎరుపూ పచ్చా రంగుల కోడ్లు టైప్ చేసింది డాక్టరా? బీపీని ఏడో పేజీకి నెట్టిన లేఅవుటు ఎవరిది? నాణ్యత థ్రెషోల్డు 0.8 నుంచి 0.5కి తగ్గించిన కమిట్ ఎవరి పేరు మీద ఉంటుంది? మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి ఇలాంటి వైద్య సాఫ్టువేరు కూడా చట్టం దృష్టిలో వైద్య పరికరమే. చట్టం మాట అటుంచండి, ఆ కాగితం చదివేది మన పక్క సీట్లో కూర్చునేవాడే.

కాబట్టి ఈ రంగంలో పనిచేస్తున్నవాళ్ళని అడుగుతున్నాను:

1. అంకె పక్కన తప్పు హద్దు వేయండి. 0.63 అని కాదు, "0.58 నుంచి 0.68 మధ్య" అని. మూడో దశాంశం తీసేయండి, అది మన దగ్గర లేదు.

2. బొమ్మ బాగోకపోతే కొలవడం మానండి. "కొలవలేకపోయాం" అన్నది బగ్గు కాదు, ఫీచరు.

3. ఏ పట్టికతో పోల్చారో, ఆ పట్టికలో ఏ దేశంవాళ్ళు, ఏ వయసువాళ్ళు ఉన్నారో అదే పేజీలో రాయండి. ఆ వయసు మనిషి పట్టికలో లేకపోతే పోల్చకండి.

4. "రక్తనాళాల వయసు" తీసేయండి. దీనికి సవరణ లేదు, తొలగింపే.

5. మొదటి పేజీ బీపీకి ఇవ్వండి. రంగు వేయాలన్న సరదా ఉంటే దానికి వేయండి.

ఇక ప్యాకేజీ కొనేవాళ్ళకి, అంటే మనందరికీ: హెచ్.ఆర్. వాళ్ళు ఈ ఏడాది మెయిల్ పంపినప్పుడు ఒక్క ప్రశ్న తిరిగి అడగండి. "ఈ మెడ స్కాన్ ఫలితం ఎరుపొస్తే డాక్టరు నాకు ఏం వేరే చికిత్స చేస్తారు? పచ్చొస్తే ఏం మానేస్తారు?" అని. జవాబు రాకపోతే ఆ డబ్బుతో ఇంటికో బీపీ మెషిన్ ఇప్పించమనండి. అది చుక్క తర్వాత అంకెలు చూపించదు. 152 అంటే 152 అంటుంది, అంతే. మా లీడుకి కావలసింది ఆ ఒక్క ముక్కే.